ఓడితే ఊరెందుకు వదలాలి?

“ఫలానా పార్టీ గెలిస్తే ఈ దేశంలో ఉండను.” ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒక నటుడో, రచయితో, నాయకుడో ఈ మాట అంటూనే ఉంటారు. మన తెలుగునాట అది దేశం దాటే దాకా పోదు. ‘రాజకీయ సన్యాసం తీసుకుంటా’, ‘పేరు మార్చుకుంటా’, ‘గొంతు కోసుకుంటా’ అనే రూపాల్లో వినబడుతుంది. టీవీల్లో నాలుగు రోజులు నలుగుతుంది, ఆ తర్వాత మరుగున పడుతుంది.

పల్నాడులో మాత్రం ఫలితాల తర్వాత ఊరు విడవడం మాటగా మిగిలిపోలేదు. 2019 మే తర్వాత కొన్ని కుటుంబాలు, 2024 జూన్ తర్వాత మరికొన్ని కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని ఊళ్లు దాటాయి. వాళ్లెవరూ శపథాలు చేసినవాళ్లు కారు, ఓటు వేసినవాళ్లు. ఇలా ఎందుకు జరుగుతోంది? ఎలా జరుగుతోంది? ఆపే దారి ఉందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

పేరున్నవాళ్లు ఇలాంటి శపథాలు ఎందుకు చేస్తారు?

మొదటి కారణం, తమవాళ్లకు ధైర్యం నూరిపోయడం. 2018 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ గెలవకపోతే సెవెన్ ఓ క్లాక్ బ్లేడుతో గొంతు కోసుకుంటానని సినీ నిర్మాత బండ్ల గణేష్ టీవీ ఇంటర్వ్యూలో అన్నారు. డిసెంబరు 11న ఫలితాలు వచ్చాయి. 119 స్థానాల్లో తెరాసకు 88, కాంగ్రెస్‌కు 19. కార్యకర్తల్లో నమ్మకం నింపడానికే ఆ మాట అన్నానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ వివరణను నమ్మవచ్చు. గెలుస్తామని ఊరికే చెబితే ఎవరూ చెవిన పెట్టరు. తన సొంతదేదో పణంగా పెట్టి చెబితేనే జనం ఆగి వింటారు.

రెండో కారణం నిజమైన బాధ. కన్నడ రచయిత, జ్ఞానపీఠ గ్రహీత యు.ఆర్. అనంతమూర్తి 2013లో, నరేంద్ర మోదీ ప్రధాని అయిన దేశంలో ఉండాలనుకోవడం లేదన్నారు. తర్వాత, అది ఆవేశంలో అన్న మాటని ఒప్పుకున్నారు. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. 2014 ఆగస్టు 22న బెంగళూరులోనే కన్నుమూశారు. ఆయనకు తన దేశం మీద ప్రేమ తగ్గలేదు. అది తాను కోరుకున్నట్టు ఉండదేమోనన్న దిగులే ఆ మాట అనిపించింది.

అన్నమాట మీద నిలబడేవాళ్లు లేరా?

ఉన్నారు. రాష్ట్రం విడిపోతే రాజకీయాల నుంచి తప్పుకుంటానన్న విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్, 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు లోక్‌సభలో నెగ్గాక రాజీనామా చేసి తప్పుకున్నారు. మళ్లీ పోటీ చేయలేదు. పిఠాపురంలో పవన్ కల్యాణ్ గెలిస్తే పేరు మార్చుకుంటానన్న ముద్రగడ పద్మనాభం, 2024 జూన్‌లో గెజిట్ ద్వారా ముద్రగడ పద్మనాభరెడ్డి అయ్యారు. ముఖ్యమంత్రిగానే మళ్లీ సభలో అడుగుపెడతానని 2021 నవంబరు 19న అసెంబ్లీ నుంచి బయటికి నడిచిన చంద్రబాబు నాయుడు, 2024 జూన్ 21న ముఖ్యమంత్రిగానే తిరిగి వచ్చారు.

అమెరికాలో 2016 నవంబరు 8 రాత్రి అధ్యక్ష ఎన్నికల ఓట్ల లెక్కింపు సాగుతుండగానే కెనడా ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్ తాకిడికి తట్టుకోలేక ఆగిపోయింది. దేశం విడిచి వెళ్తామని గట్టిగా ప్రకటించిన తారల్లో ఎక్కువమంది అమెరికాలోనే ఉండిపోయారు. 2024 ఎన్నికల తర్వాత మాత్రం నటి రోజీ ఓడానెల్ ఐర్లండ్‌కు మారిపోయారు.

నిలబడినవాళ్లందరిలోనూ సమానంగా కనబడేది ఒకటుంది. పోవాలా వద్దా అన్నది వాళ్ల చేతిలోనే ఉంది. పోతే ఎక్కడ ఉండాలో, ఏం తినాలో అన్న బెంగ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రావచ్చు. పల్నాడులో ఊరు విడిచిన కుటుంబానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఓడినవాళ్లు ఊరు విడవాలన్న మాట పల్నాడులో ఎప్పటిది?

ఈ నేల కథలోనే ఉంది. 12వ శతాబ్దంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు ఏలుబడి సాగిస్తున్న రోజులు. ఒకరి వెనుక నాయకురాలు నాగమ్మ, మరొకరి వెనుక బ్రహ్మనాయుడు. కోడిపందెం కట్టారు. ఓడినవాళ్లు ఏడేళ్లపాటు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. మలిదేవుడి పక్షం ఓడింది. మాట ప్రకారం రాజ్యం విడిచి మండాదికి, ఆపైన మేడపికి తరలిపోయింది.

ఈ కథను కోడిపందెం వల్ల వచ్చిన యుద్ధంగా చెప్పుకోవడం అలవాటు. జాగ్రత్తగా చూస్తే యుద్ధం పందెం రోజున రాలేదు. ఓడినవాళ్లు వెళ్లిపోయిన రోజునా రాలేదు. ఏడేళ్లు గడిచాక, తమ భాగం తమకిమ్మని అడగడానికి మలిదేవుడి పక్షాన అలరాజు రాయబారిగా గురజాల వెళ్లాడు. రాజ్యభాగం దక్కలేదు సరికదా, అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. కారెంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున నెత్తురు పారింది ఆ తర్వాతే. వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వకపోవడమే పల్నాటి యుద్ధానికి అసలు కారణం.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారానికి ఒక రోజు, కోడిపోరుకు ఒక రోజు. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడుకు గుర్తుగా మందపోరు ఒక రోజు. కలిసి తినడం, పందెం కట్టడం, తిరిగి రానిమ్మని అడగడం, ఈ మూడూ ఆ ఉత్సవంలో ఉన్నాయి. పౌరుషం పేరుతో మనం ఎక్కువగా తలుచుకునేది పందేన్ని, పోరునే. రాయబారాన్ని అంతగా పట్టించుకోము.

మన కాలంలో ఏం జరిగింది?

2019 మే 23న ఫలితాలు వచ్చాయి. వైకాపాకు 151 స్థానాలు, తెదేపాకు 23. ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న ఏడు నియోజకవర్గాలూ, అంటే పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల, అన్నీ వైకాపావే. ఆ తర్వాత దుర్గి మండలం ఆత్మకూరు నుంచి ఎస్సీ కుటుంబాలు ఊరు విడిచాయి. పిన్నెల్లి వంటి ఊళ్ల నుంచి కూడా కొందరు బయటికొచ్చారు. తెదేపా గుంటూరులో వాళ్లకు శిబిరం పెట్టింది. 2019 సెప్టెంబరు 11న ‘చలో ఆత్మకూరు’కు పిలుపునిస్తే, చంద్రబాబును ఉండవల్లిలో ఇల్లు కదలనివ్వలేదు. పల్నాడులో 144 సెక్షన్ పెట్టారు. తెదేపా పాలనలో నష్టపోయినవాళ్లు తమ వైపూ ఉన్నారంటూ వైకాపా పోటీగా ఇదే పిలుపునిచ్చింది. 2021లో మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. ఇంత పోరున్న గడ్డ మీద ఒక్క వార్డులోనూ పోటీ లేకపోవడం ప్రజాస్వామ్యానికి మంచి గుర్తు కాదు.

2024 మే 13న పోలింగ్. రెంటచింతల మండలం పాల్వాయిగేటులో 202వ నంబరు బూత్. అధికారులు, ఏజెంట్లు తమ తమ కుర్చీల్లో ఉన్నారు. అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికి వచ్చి, ఓటింగ్ యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టిన దృశ్యం అక్కడి వెబ్ కెమెరాకు చిక్కింది. ఆ నియోజకవర్గంలో ఏడు బూత్‌లలో యంత్రాలు ధ్వంసమయ్యాయని ఎన్నికల సంఘం ప్రకటించింది. ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ను బదిలీ చేసింది. రామకృష్ణారెడ్డి జూన్ 26న అరెస్టయ్యారు.

జూన్ 4న లెక్క తారుమారైంది. తెదేపా కూటమికి 164, వైకాపాకు 11. పల్నాడులోని అవే ఏడు స్థానాలూ ఈసారి తెదేపాకు దక్కాయి. ఆపైన వైకాపా మద్దతుదారులు ఊళ్లు విడవాల్సి వచ్చిందని, పిన్నెల్లి లాంటి ఊళ్లలోకి తమవాళ్లను రానివ్వడం లేదని ఆ పార్టీ చెబుతూ వచ్చింది. జెండాలు మారాయి, వెళ్లేవాళ్లు మారారు. ఊరు విడిచే ఆనవాయితీ మాత్రం మారలేదు. ఇది ఒక పార్టీ తప్పుగా చూసినన్నాళ్లూ మనకు పరిష్కారం దొరకదు.

ఓటు రహస్యం కదా. ఎవరు ఎటు వేశారో ఎలా తెలుస్తుంది?

ఒక్కొక్కరి ఓటు రహస్యమే. వీధి ఓటు రహస్యం కాదు. ఇది ఎలాగో కౌంటింగ్ హాలులోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. మామూలుగా ఒక నియోజకవర్గానికి 14 టేబుళ్లు వేస్తారు. ఒక్కో టేబుల్ మీదికి ఒక్కో బూత్ కంట్రోల్ యూనిట్ వస్తుంది. సీల్ చూపించి, రిజల్ట్ బటన్ నొక్కుతారు. ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో తెర మీద వరుసగా కనబడుతుంది. జాలీకి ఇవతల కూర్చున్న పార్టీల ఏజెంట్లు కాగితం మీద రాసుకుంటారు. తర్వాత బూత్‌ల వారీ లెక్కంతా ఫారం 20 రూపంలో అందరికీ అందుబాటులోకి వస్తుంది.

ఒక బూత్ అంటే చిన్న ఊళ్లో సగం ఊరు, పెద్ద ఊళ్లో నాలుగైదు వీధులు. ఏ వీధి ఏ బూత్‌లోకి వస్తుందో అందరికీ తెలుసు. పల్నాటి పల్లెల్లో ఏ ఇల్లు ఎటువైపో ముందు నుంచే ఓ అంచనా ఉంటుంది. దానికి ఈ అంకెలు తోడైతే “ఆ కాలనీ మనకు వేయలేదు” అని తేల్చేయడానికి క్షణం పట్టదు. బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న మనిషి మరీ సులభంగా గుర్తుండిపోతాడు. కోపం ముందుగా అతని గడప మీదికే వస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. బ్యాలెట్ పేపర్ల కాలంలో, అవసరమైన చోట వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపేసి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. యంత్రాలు వచ్చాక ఆ రక్షణ పోయింది. పద్నాలుగు బూత్‌ల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే ‘టోటలైజర్’ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తే ఎక్కడ వెనుకబడ్డామో పార్టీలు సరిదిద్దుకోవచ్చన్న వాదన ఉంది. పల్నాడులో ఆ లెక్క దేనికి పనికొస్తోందో చూసినవాళ్లకు ఆ వాదన సరిపోదు.

ఓటు తేడాకు ఇంత పగ దేనికి?

ఎందుకంటే గెలిచిన వర్గానికి పల్లెలో చాలా దక్కుతుంది. ఇంటి స్థలం ఎవరికి, రోడ్డు పని ఎవరికి, రేషన్ డీలర్‌షిప్ ఎవరికి, సాగర్ కుడి కాలువ నీళ్లు ముందు ఏ పొలానికి, సున్నపురాయి క్వారీ ఎవరి చేతిలో, స్టేషన్‌లో ఎవరి ఫిర్యాదు తీసుకుంటారు, ఇవన్నీ గెలుపుతో ముడిపడి ఉన్నాయని జనం నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. పథకం హక్కుగా అందే చోట ఎవరు గెలిచినా బతుకు సాగుతుంది. నాయకుడి దయగా అందే చోట, ఓటమి అంటే అయిదేళ్ల పస్తు.

దీనికి తోడు పాత వర్గాలు. తాతల నాటి పొలం గట్టు తగాదాకు, నిన్నటి హత్యకేసుకు ఇప్పుడు పార్టీ జెండా కప్పుతున్నారు. గెలిచిన రోజున పాత బాకీ తీర్చుకోవచ్చనుకునేవాళ్లు ఉన్నారు. ఓడిన రోజున ఆ బాకీ తమ మీదికి వస్తుందని తెలిసినవాళ్లు తెల్లారకముందే బస్సెక్కుతున్నారు.

ఊరు విడిచిన కుటుంబం ఏం పోగొట్టుకుంటుంది?

నెలను బట్టి చూడండి. ఫలితాలు మే చివరనో జూన్ మొదట్లోనో వస్తున్నాయి. ఆ వెంటనే మృగశిర కార్తె. తొలకరి పడితే పత్తి గింజ వేయాలి. మిరప నారుకు మడులు సిద్ధం చేసుకోవాలి. కౌలు అప్పటికే మాట్లాడుకుని ఉంటారు, కొందరు ముందే కట్టేసి ఉంటారు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. సరిగ్గా ఆ పది పదిహేను రోజుల్లో ఊరు విడిచారంటే పోయేది ఒక నెల జీతం కాదు, ఏడాది పంట. గేదెలను ఎవరికో ఒకరికి అప్పగించాలి, లేదా అడిగిన రేటుకు అమ్మాలి. ఉపాధి హామీ జాబ్ కార్డు ఆ పంచాయతీదే. ఒకటో తేదీ పింఛను ఆ గడప దగ్గరే ఇస్తారు. ముసలివాళ్లు కదల్లేక ఉండిపోతారు. పిల్లల టీసీలు బడిలోనే ఉండిపోతాయి.

వెళ్లినవాళ్లు గుంటూరులోనో, పిడుగురాళ్లలోనో, హైదరాబాదులోనో కూలికి చేరతారు. సొంత పొలం ఉన్న రైతు కూడా అక్కడ కూలివాడే. ఆరు నెలలు గడిచాక ఊళ్లో కౌలు మరొకరిది అవుతుంది, గట్టు జరుగుతుంది. తిరిగి రావాలంటే ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకోవాలి, ఇక నోరెత్తమని మాటివ్వాలి. అదే అసలు శిక్ష.

చట్టం ఏమంటుంది? ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?

దేశంలో ఎక్కడైనా తిరిగే, ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇస్తోంది. తన ఊళ్లో ఉండే హక్కు అందులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలను ఇల్లు లేదా ఊరు విడిచిపోయేలా చేయడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఫలానావారికే ఓటేయాలని, లేదా ఓటు వేయవద్దని వాళ్లను బెదిరించడం, సాంఘికంగా, ఆర్థికంగా వెలివేయడం కూడా అదే చట్టం కింద నేరాలే.

ఆచరణలో ఇవి గుర్తుంచుకోండి. సొంత మండలం స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే, మీరు తలదాచుకున్న చోట ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో దానికి చోటుంది. గొడవ చేస్తారన్న భయం ఉన్నవాళ్లను ముందుగానే బైండోవర్ చేయమని తహసీల్దారును, పోలీసులను రాతపూర్వకంగా అడగవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. అక్కడా పని జరగకపోతే, ఊళ్లోకి వెళ్లడానికి రక్షణ కల్పించమని హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ఓటు సంగతి ముఖ్యం. కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన మీ ఓటు పోదు. తాత్కాలికంగా దూరంగా ఉన్న మనిషి ఆ ఊరి నివాసి కాకుండా పోడని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20 చెబుతోంది. మీ పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 పెడితే, మీకు నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి. జాబితాలో పేరు ఉందో లేదో అప్పుడప్పుడూ చూసుకోండి.

పెద్దల శపథానికీ పల్లెలో వలసకూ లంకె ఏమిటి?

లంకె ఉంది. ఎన్నిక అంటే అయిదేళ్లకోసారి పని అప్పగించడం. శపథం దాన్ని పందెంగా మారుస్తుంది. పైన ఒక నాయకుడు తొడగొట్టి, ఓడితే ఇది చేస్తా, గెలిస్తే వాళ్ల అంతు చూస్తా అన్నప్పుడు, కింద ఊళ్లో అతని జెండా మోసే కుర్రాడు అది తన పరువు సమస్య అనుకుంటాడు. నాయకుడు ఓడితే హైదరాబాదు వెళ్లి నాలుగు నెలలు ఊరుకుంటాడు. ఆ కుర్రాడి కుటుంబం ఊరు విడుస్తుంది. గెలిస్తే ఎదుటి కుర్రాడి కుటుంబం విడుస్తుంది. మాట అన్నవాళ్లు ఒకరు, మూల్యం చెల్లించేవాళ్లు మరొకరు.

అందుకే పల్నాడు నాయకులను, అన్ని పార్టీలవాళ్లనూ, ఒక్కటి అడగాలి. శపథం చేయదలిస్తే ఇది చేయండి: “గెలిచినా ఓడినా నా నియోజకవర్గంలో ఒక్క కుటుంబం కూడా ఇల్లు విడవదు. విడిస్తే, వాళ్లను వెనక్కి తీసుకొచ్చే బాధ్యత నాది.” గెలిచిన ఎమ్మెల్యే ప్రమాణ స్వీకారం చేసిన మొదటి వారంలోనే, తనకు ఓటు వేయని కాలనీకి వెళ్లి పగటి పూట, అందరి ఎదుటా ఈ మాట చెప్పాలి. నాడు కోడిపందెంలో ఓడి వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వకపోవడంతోనే ఈ నేల ఎంతమంది బిడ్డలను పోగొట్టుకుందో పల్నాడుకు మరొకరు చెప్పనక్కర్లేదు.

ఓటర్లుగా మనం చేయవలసింది కూడా ఉంది. తర్వాత వచ్చేది పంచాయతీ ఎన్నికైనా, అసెంబ్లీ ఎన్నికైనా, ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఈ మాట అడగండి. సూటిగా జవాబు చెప్పనివాళ్లకు ఓటు వేయకండి.